అంచు అల్లిక: గుడ్డ ఒప్పాలి, చేతికి ధర దక్కాలి

ఇంట్లో కుట్టుకున్న దిండు గలీబుకో, ఊలుతో అల్లిన శాలువాకో, జేబురుమాలుకో, పట్టుచీర కొంగుకో క్రోషియా అంచు వేయాలన్న కోరిక మనకు కొత్తగా పుట్టింది కాదు. ఒకప్పుడు లోలంగాల అంచులకు లేసు ఉండేది, రేడియో మీద లేసు గుడ్డ ఉండేది, గుమ్మానికి అల్లిన తోరణం వేలాడేది. ఇవాళ అదే పని కొంగు కుచ్చుల రూపంలో ఊరూరా టైలరు దుకాణాల్లోకి వచ్చింది. నమూనాలకు కొదవ లేదు. గవ్వలంచు, విసనకర్ర అంచు, పూలంచు అంటూ పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ కావలసినన్ని దొరుకుతాయి. ఏ గుడ్డకు ఏ అంచు నిలుస్తుంది, ఎందుకు నిలుస్తుంది, అది అల్లినవారికి ఏం మిగులుతుంది అన్న చర్చ మాత్రం చాలా తక్కువ.

నా అభిప్రాయం ముందే చెబుతాను. అంచు బాగుపడేదీ చెడేదీ నమూనా దగ్గర కాదు, గుడ్డను దారం మొదటిసారి పట్టుకునే వరుస దగ్గర. ఆ వరుస సరిగా కుదిరితే అతి సాదా నమూనా కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది. కుదరకపోతే ఎంత గొప్ప పూలంచైనా రెండు ఉతుకులకు ముడతపడి, గుడ్డను కూడా పాడుచేస్తుంది.

క్రోషియా అతి ప్రాచీనమైన కళ అని చాలామంది నమ్మకం. యూరప్‌లో మాత్రం 19వ శతాబ్దానికి ముందు ఈ పని ఉందనడానికి గట్టి ఆధారాలు లేవు. డెన్మార్క్‌కు చెందిన లిస్ పాలుడాన్ ఈ చరిత్రను ఓపికగా వెతికి రాసిన రచయిత్రి. అచ్చయిన తొలి నమూనాలు 1820లలో పెనెలోపే అనే డచ్చి పత్రికలో కనిపిస్తాయి. 1846 నుంచి ఎలియనోర్ రీగో ద లా బ్రాంషార్డియేర్ వరసగా తెచ్చిన పుస్తకాలతో ఇది ఇంటింటి పని అయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు సోకి, ఐర్లాండ్ కరువులో పడింది. కాన్వెంటుల్లో సన్యాసినులు, క్లోన్స్ అనే ఊళ్లో చర్చి పాస్టరు భార్య కాసాండ్రా హ్యాండ్, పేద ఆడవాళ్లకు కొక్కెం పట్టడం నేర్పించి ఆ లేసును అమ్మించారు. సూదితో నెలల తరబడి చేసే వెనిస్ లేసుకు దగ్గరగా కనబడే పని కొక్కెంతో ఎన్నో రెట్లు త్వరగా అయ్యేది. ఆ లేసులో చాలాభాగం కాలర్లకు, ముంజేతి పట్టీలకు, గౌన్ల అంచులకే వెళ్లింది. అంటే అంచు అల్లిక పొద్దుపోని పనిగా కాక ఆకలి తీర్చే పనిగా పెరిగింది. గోదావరి జిల్లాల్లోనూ అదే జరిగింది. ఆ కథకు తర్వాత వస్తాను.

ముందు మొదటి వరుస సంగతి. నేసిన గుడ్డకు క్రోషియాను పట్టించడానికి మూడు దారులున్నాయి. మల్లు, లాన్ వంటి పలచని గుడ్డకు అంచు మడిచి కుట్టి, సన్నని ఉక్కు కొక్కేన్ని నేరుగా గుడ్డలోంచి గుచ్చి దారాన్ని లాగవచ్చు. ఇది త్వరగా అయ్యే పద్ధతి, చూడ్డానికీ శుభ్రంగా ఉంటుంది. నేత బిగుతుగా ఉన్న గుడ్డ మీద మాత్రం కొక్కెం పోగును తెంచుతుంది. తెగిన పోగు అప్పుడు కనబడదు, ఉతికాక చిరుగై బయటపడుతుంది. రెండో దారిలో, మడిచిన అంచు పొడవునా ముందు సూదితో కాజాకుట్టు వేసి, ఆ కుట్టు మెలికల్లోంచి క్రోషియా ఎత్తుకోవాలి. ఖద్దరు, చేనేత నూలు, మందపాటి దుప్పటి, ఇలా రోజూ వాడే దేనికైనా ఇదే మేలు. బరువంతా కాజాకుట్టు మీద పడుతుంది, గుడ్డ పోగు మీద పడదు. మూడోది, అంచును విడిగా అల్లి, తర్వాత చిన్న చిన్న కుట్లతో అతికించడం. పట్టుకు, పాతబడి నలిగిన గుడ్డకు, దాచుకోవలసిన వస్తువుకు ఇదే సరైనది, ఎందుకంటే అవసరమైతే విప్పి విడిగా ఉతికి మళ్లీ కుట్టవచ్చు. తొందర ఉన్నవాళ్లు మొదటి దారిని, ఓపిక లేనివాళ్లు మూడో దారిని ఎంచుకుంటారు. వాడుక గుడ్డకు రెండోదాన్ని వదిలిపెట్టకూడదని నేను గట్టిగా అంటాను. కాజాకుట్టుకు పట్టే ఒక పూట పని అంచుకు ఎన్నో ఏళ్ల ఆయుష్షు ఇస్తుంది.

తర్వాత వచ్చేది లెక్క. ఒక్కో పక్క 30 సెంటీమీటర్లున్న చేతిరుమాలు తీసుకుందాం. కాజాకుట్టు 3 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున వేస్తే పక్కకు 100 మెలికలు. మన నమూనా 6 కుట్లకు ఒకసారి తిరిగొచ్చేదైతే 100 సరిపోదు, 96 కావాలి లేదా 102 కావాలి. ఈ తేడాను మూల దగ్గర ఇరికించకూడదు. పక్క పొడవునా అక్కడొకటి ఇక్కడొకటి చొప్పున రెండు మెలికల్లో రెండేసి కుట్లు వేస్తే 102 అయిపోతుంది, కంటికి తెలియదు. నమూనా పుస్తకాలు చాలా వరకు ఈ విషయాన్ని దాటేస్తాయి. అంచు చివరి మూలకొచ్చేసరికి సగం గవ్వ మిగిలిపోవడానికి కారణం ఇదే.

మూలల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆ రుమాలుకే 2 సెంటీమీటర్ల వెడల్పు అంచు వేస్తే లోపలి చుట్టుకొలత 120 సెంటీమీటర్లు, బయటి చుట్టుకొలత 136. అంటే 16 సెంటీమీటర్ల దారపు నేత అదనంగా ఎక్కడినుంచో రావాలి. పక్కల నుంచి రాదు, నాలుగు మూలలూ తలా నాలుగు సెంటీమీటర్లు ఇవ్వాలి. సింగిల్ క్రోషియా వరుసలో మూల కుట్టులో మూడు కుట్లు వేయమని చెప్పడం అందుకే. వెడల్పు పెరిగే కొద్దీ ప్రతి వరుసలోనూ మూల దగ్గర పెంచుతూ పోవాలి. మూలల్లో పొదుపు చేస్తే అంచు గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది. గుండ్రటి గుడ్డకు లెక్క వేరు. 2 సెంటీమీటర్ల అంచుకు బయటి చుట్టు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది, దాన్ని చుట్టూ సమంగా పంచాలి.

ఊలుతో రెండు సూదుల మీద అల్లిన వస్తువుకైతే ఈ లెక్క మళ్లీ మారుతుంది. అల్లిక ముగించిన పై అంచున కుట్టుకు కుట్టు ఎత్తుకోవచ్చు. పక్క అంచున అలా చేస్తే అలలు లేస్తాయి. ఊలు అల్లికలో కుట్టు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. కాబట్టి పక్క అంచున నాలుగు వరుసలకు మూడు కుట్లు ఎత్తుకోవడం అనుభవజ్ఞుల లెక్క. ఇది ఆరంభం మాత్రమే. దారం మందాన్నీ చేతి బిగువునూ బట్టి సర్దుకోవాలి. నాలుగు అంగుళాలు అల్లి బల్ల మీద పరచి చూస్తే సంగతి తెలిసిపోతుంది. అలలు లేస్తే కుట్లు ఎక్కువ, ముడుచుకుంటే తక్కువ. విప్పి మళ్లీ వేయడానికి అప్పుడు పెద్ద శ్రమ ఉండదు, మొత్తం చుట్టేశాక ఉంటుంది. ఒక అపోహ కూడా ఇక్కడే పోవాలి. ఒకవైపు నునుపుగా, ఇంకోవైపు గరుకుగా వచ్చే అల్లిక అంచులు చుట్టుకుపోవడం దాని స్వభావం. క్రోషియా అంచు ఆ చుట్టను కొంత తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు.

లెక్క అంటే భయపడేవారికి మంచి ఉపాయం ఒకటుంది. అంచును గుడ్డ పొడవునా కాకుండా అడ్డంగా అల్లడం. పదీ పదిహేను కుట్ల వెడల్పుతో పట్టీలా అటూ ఇటూ తిరుగుతూ పోతే, గుడ్డ ఎంత పొడవుంటే అంత అల్లి ఆపేయవచ్చు. ముందుగా కుట్లు లెక్కపెట్టే పని ఉండదు. పాత దిండు గలీబుల మీద కనిపించే వెడల్పాటి లేసుల్లో చాలా వాటిని ఇలాగే అల్లారు. మూలల దగ్గర మాత్రం పట్టీని కుచ్చిళ్లుగా పోగేసి కుట్టాలి, ఆ కుచ్చిళ్లకు సరిపడా పొడవు అదనంగా అల్లుకోవాలి.

నమూనా చదివేవారికి ఒక హెచ్చరిక. బ్రిటిష్, అమెరికన్ పుస్తకాలు ఒకే కుట్టును వేర్వేరు పేర్లతో పిలుస్తాయి. అమెరికన్ సింగిల్ క్రోషియా బ్రిటిష్ పుస్తకంలో డబుల్, అమెరికన్ డబుల్ అక్కడ ట్రెబుల్. మన దగ్గర పాత పుస్తకాలు ఎక్కువగా బ్రిటిష్ పద్ధతివి, ఇప్పటి వీడియోలు ఎక్కువగా అమెరికన్ పద్ధతివి. ఒకదాన్ని చూస్తూ రెండోదాని ప్రకారం అల్లితే అంచు ఎత్తే మారిపోతుంది.

ఇక దారం. లేసుకు వాడే మెరిసే నూలు దారం మెర్సరైజ్ చేసింది. నూలును క్షారంలో నానబెడితే అది బలపడి రంగు బాగా పడుతుందని 1844లో జాన్ మెర్సర్ కనిపెట్టాడు. నానేటప్పుడు దారాన్ని లాగి బిగించి ఉంచితే పట్టు మెరుపు వస్తుందని 1890లో హొరేస్ లో కనుగొన్నాడు. దారం నంబరు పెరిగే కొద్దీ సన్నబడుతుంది. 10 నంబరు దుప్పట్లకు, బల్ల గుడ్డలకు. 20 నంబరు గలీబులకు, మందపాటి రుమాళ్లకు. 40, 60, 80 సన్నని లాన్ రుమాళ్లకు. 10 నంబరు దారానికి ఒకటింపావు నుంచి ఒకటిముప్పావు మిల్లీమీటర్ల కొక్కెం సరిపోతుంది, 80కి దిగితే అర మిల్లీమీటరు దాటిన కొక్కెం కావాలి. కొత్తగా నేర్చుకునేవారు 80తో మొదలుపెట్టి కళ్లు పాడుచేసుకోవద్దు, 20 దగ్గర మొదలుపెడితే చేతికీ కంటికీ హాయి.

దారం ఎంత సన్నం అన్నదానికంటే గుడ్డా దారమూ ఒకే ఉతుకును తట్టుకుంటాయా అన్నది ముఖ్యం. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. దాన్ని ఉతక్కుండా అంచు వేస్తే, తర్వాత గుడ్డ తగ్గిపోయి అంచు వదులై అలలుగా వేలాడుతుంది. కాబట్టి కొత్త గుడ్డను ముందు తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాకే కొలవాలి. ఎరుపు, నలుపు, ముదురు నీలం దారాలను ఒక తెల్లటి తడిగుడ్డకు రుద్ది చూడాలి. రంగు అంటితే ఆ దారం తెల్ల గుడ్డకు పనికిరాదు. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందన్న మాట ఇంటింటా వినిపిస్తుంది గానీ దాన్ని నమ్ముకుని పెళ్లి గుడ్డ మీద ప్రయోగం చేయవద్దు. ఊలు శాలువాకు నూలు అంచు వేస్తే రెండూ రెండు రకాలుగా సాగుతాయి. అక్రిలిక్ అంచు మీద వేడి ఇస్త్రీ పెట్టె పెడితే దారం చచ్చి చదునైపోతుంది, మళ్లీ లేవదు.

అల్లిక పూర్తయిన తర్వాత తడిపి, గుండుసూదులతో దిండు మీద సాగదీసి ఆరబెట్టడం చాలామంది మానేసే పని. అంచులోని బొడిపెలు, రేకులు విచ్చుకునేది అప్పుడే. లేసు నిలబడాలంటే పలచని గంజి మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. ఏళ్లకేళ్లు పెట్టెలో దాచదలచుకుంటే మాత్రం గంజి పూర్తిగా ఉతికి తీసేసి దాచాలి, గంజి కోసం పురుగు వస్తుంది. ఇస్త్రీ తువ్వాలు మీద బోర్లా వేసి చేస్తే లేసు ఎత్తు నలగదు.

కొంగు కుచ్చుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే తెలుగునాట అంచు అల్లికకు ఇవాళ అతి పెద్ద గిరాకీ అక్కడే ఉంది. నిజానికి కుచ్చు అలంకారంగా పుట్టింది కాదు. మగ్గం మీంచి కోసిన చీర చివర మిగిలే పడుగు పోగులు విడిపోకుండా ముడివేయడమే దాని అసలు పని. క్రోషియా కుచ్చులో ఆ పోగుల పాత్ర లేదు. కొంగు చివర మడిచి కుట్టేసి, రంగుల సిల్కు దారాన్ని కొక్కెంతో ఎక్కించి, మధ్య మధ్య పూసలు గుచ్చుతారు. కొంగు వెడల్పు సుమారు 120 సెంటీమీటర్లు. ఒకటిన్నర సెంటీమీటరుకు ఒక కుచ్చు చొప్పున 80 కుచ్చులు. ఒక్కో కుచ్చుకు రెండు మూడు లోహపు పూసలంటే బరువు ఎంతవుతుందో ఊహించండి. ఆ బరువంతా కొంగు చివరి మడత మీద వేలాడుతుంది. పలచని పట్టుకు, ఆర్గంజాకు అది ఎక్కువ. సిల్కు దారం పేరుతో దుకాణాల్లో దొరికేది చాలా వరకు రేయాన్, అది తడిస్తే బలం తగ్గుతుంది. అలాంటి చీరను ఇంట్లో ఉతికితే ముందు తెగేది కుచ్చే. కొంగు మడత లోపలివైపు అదే రంగు సన్నని గుడ్డపట్టీ వేసి, కొక్కేన్ని ఆ పట్టీతో కలిపి గుచ్చమని కుచ్చులు వేసేవారిని అడగండి. కొంచెం ఎక్కువ తీసుకున్నా ఇవ్వవలసిన డబ్బే అది.

ఏ గుడ్డకు అంచు వేయకూడదో చెప్పడానికి మొహమాటపడకూడదు. మంగళగిరి చీరకు నేతలోనే జరీ అంచు ఉంది. పోచంపల్లి ఇక్కత్‌లో అంచు రంగు ఎక్కడ ఆగాలో రంగు అద్దేటప్పుడే నేతగాడు నిర్ణయించాడు. వాటి పక్కన పొడవునా క్రోషియా వేస్తే రెండు పనులూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. అలాంటి చీరలకు కొంగు చివర మాత్రమే, అదీ సన్నగా, నేతలో ఉన్న రంగుల్లోంచే ఒకటి తీసుకుని వేయడం మర్యాద. అంచు లేని గుడ్డలకు, అంటే తెల్లని మల్లు, సాదా ఖద్దరు, చేత్తో అల్లిన పసిపాప దుప్పటి వంటి వాటికి క్రోషియా నిండుగా నప్పుతుంది. పసిపిల్లల వస్తువులకు పెద్ద కన్నాల అంచు వద్దు, చిన్న వేళ్లు అందులో చిక్కుకుంటాయి. సింగిల్ క్రోషియాను ఎడమ నుంచి కుడికి వెనక్కి వేస్తూ పోతే తాడులాంటి గట్టి అంచు వస్తుంది. పిల్లల దుప్పటికి దాన్ని మించినది లేదు.

బజారులో మీటర్ల లెక్కన దొరికే లేసు సంగతేమిటి? అచ్చమైన క్రోషియా కుట్టును వేసే యంత్రం వ్యాపార స్థాయిలో ఇప్పటికీ లేదు. క్రోషియాలా కనిపించే యంత్రపు లేసు రెండు రకాలుగా తయారవుతుంది. ఒకటి, కరిగిపోయే గుడ్డ మీద ఎంబ్రాయిడరీ చేసి తర్వాత ఆ గుడ్డను కరిగించేయడం. రెండు, అల్లిక యంత్రాల మీద పడుగు పోగులతో అల్లడం. తేడా కనుక్కోవడం కష్టం కాదు. చేతి క్రోషియాలో ఒక దారం వరుస వెంట వరుసగా పోతుంది, చివరి ముడి విప్పితే మెలిక తర్వాత మెలికగా ఊడి వస్తుంది. యంత్రపు లేసు అలా ఊడదు, దాని పూల అంచుల్లో కత్తిరించిన నూగు కనిపిస్తుంది. యంత్రపు లేసు కొనడం తప్పని నేను అనను. దాన్ని చేతిపని పేరుతో అమ్మడమే తప్పు.

ఆ తప్పు ఎక్కువగా నొప్పించేది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురాన్ని. 19వ శతాబ్దం మధ్యలో క్రైస్తవ మిషనరీల చేతుల మీదుగా ఈ లేసు గోదావరి తీరానికి వచ్చింది. 1844 అన్న సంవత్సరం ఎక్కువగా వినబడుతుంది. కరువు కాలంలో పేద క్రైస్తవ ఆడవాళ్లకు కూడుపెట్టిన పని క్రమంగా ఎగుమతి వ్యాపారమైంది, గడప దాటి కూలికి వెళ్లడం పరువు తక్కువ అనుకున్న కాపు కుటుంబాల ఆడవాళ్ల చేతుల్లోకీ వచ్చింది. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద కూర్చుని అల్లిన బల్ల గుడ్డలు, దుప్పట్లు యూరప్‌కు, అమెరికాకు వెళ్లాయి. అక్కడ పనిని ముక్కలుగా పంచుతారు. విడి పూలు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని. పూలు అల్లిన ఆమెకు పూర్తయిన దుప్పటి ఎలా ఉంటుందో చాలాసార్లు తెలియదు. ఏజెంటు దారం ఇచ్చి వెళతాడు, పూలు తీసుకుని వెళతాడు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ ఊళ్లు తిరిగి, 1982లో ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్ అనే పుస్తకం తెచ్చారు. ఆమె చెప్పిన సంగతి ఇవాళ చదివినా గుండె బరువెక్కుతుంది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీకి పొలం కూలీకి వచ్చేదానికంటే తక్కువ దక్కేది. ఆమెను కార్మికురాలిగా ఎవరూ లెక్కించలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణి తీరిక వేళల్లో చేసే పని అన్నారు, జనాభా లెక్కల్లోనూ అలాగే వదిలేశారు. ఆ తీరిక వేళల పనే విదేశీ మారకం తెచ్చిపెట్టింది. ఈ అంశం మీద వచ్చిన అధ్యయనాల్లో ఇంతకంటే ముఖ్యమైనది నాకు కనిపించదు. మీస్ రాసినది లేసు గురించే అయినా, ఇంట్లో కూర్చుని కుచ్చులు, కుట్లు, అల్లికలు చేసే ప్రతి స్త్రీకీ అది వర్తిస్తుంది.

ఆ తర్వాత కొంత మారింది. నరసాపురం పక్కన సీతారాంపురంలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు మరెక్కడో తయారైన లేసును నరసాపురం పేరుతో అమ్మితే చట్టం అడ్డుకోగలదు. ఇది చిన్న విషయం కాదు. అయితే గుర్తింపు పేరును కాపాడుతుంది, కూలిని పెంచదు. ముక్కకు ఇంత అని కట్టే పద్ధతి ఉన్నంతకాలం గంటకు ఎంత పడుతుందో ఎవరూ లెక్క చూడరు.

ఆ లెక్క మనమే చూడవచ్చు. పైన చెప్పిన రుమాలుకు కాజాకుట్టు, అంచు రెండూ వేసి ఆరబెట్టడానికి ఎన్ని గంటలు పట్టాయో ఒక్కసారి గడియారం చూసి రాసుకోండి. మీ ఊళ్లో రోజు కూలి ఎంతో మీకు తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే బజారులో లేసు రుమాలు ధర ఎంత తక్కువో తెలిసిపోతుంది. ఈసారి చీరకు కుచ్చులు వేయించేటప్పుడు, నరసాపురం లేసు కొనేటప్పుడు, ధర తగ్గించమని బేరమాడకండి. దీనికి ఎన్ని గంటలు పట్టింది, అల్లినామెకు ఎంత ఇస్తున్నారు అని అడగండి. జవాబు చెప్పే దుకాణంలోనే కొనండి.